పిపీలికలు – గృహస్థధర్మం

తొలకరి వానలు పడగానే నస్పూర్‌లోని సింగరేణి క్వార్టర్లలో గడపల వెంట చీమలబారులు కనిపిస్తాయి. పుట్టలలోనికి నీరు చేరగా పొడి నేలనూ ఆహారాన్నీ వెదకుతూ అవి ఇండ్లలోనికి వస్తాయి. వెంటనే గృహస్థుడు విషపు సుద్దతో గడపపై గీత గీస్తాడు. పూర్వం ఆ గడప ముందే గృహిణి బియ్యపుపిండితో ముగ్గు వేసేది. అది చీమలకు ఆహారమయ్యేది. నేడు పిండి స్థానంలో రాతిపొడి వచ్చింది. అన్నం పెట్టిన చోటనే విషం పెట్టడం ధర్మమా అన్నది విచారణీయం.

గృహస్థుడు హింసకు సర్వథా దూరంగా ఉండగలడని శాస్త్రం భావించలేదు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ – ఈ ఐదింటి వద్ద అనివార్యంగా ప్రాణిహింస జరుగుతుందని మనుస్మృతి తృతీయాధ్యాయం చెబుతుంది. ఇవే పంచసూనలు. ఆ దోషనివృత్తికై విధింపబడినవి పంచమహాయజ్ఞాలు. కాకులకు, శునకాలకు, క్రిమికీటకాలకు నేలపై అన్నముంచే భూతయజ్ఞం వాటిలో ఒకటి. ఊడ్చేటప్పుడు చీమ మరణించడం అనివార్యం, విషప్రయోగం సంకల్పపూర్వకం. రెండింటినీ ఒకే గాటన కట్టడం ఆత్మవంచన.

పసిపిల్లలున్న ఇంట ఎర్రచీమలు కుడుతుంటే ఊరకుండవలెనా అన్న ఆక్షేపణ సమంజసమే. అయితే గీత దాటబోయి చచ్చేవి ఆహారార్థం బయలుదేరిన చీమలు మాత్రమే; రాణి పుట్టలోనే క్షేమంగా ఉంటుంది. ముందు నడిచిన చీమ విడిచిన వాసననే వెనుకవి అనుసరిస్తాయి. సబ్బునీటితో ఆ దారిని తుడిచి, బెల్లం, చక్కెర డబ్బాలకు మూతలు బిగించి, గోడల పగుళ్లు పూడిస్తే రాకపోకలు తగ్గుతాయి. ఇది శౌచం, హింస కాదు.

ఇంటి బయట చీమ చేసే ఉపకారమూ స్మరణీయమే. అది నేలను గుల్లచేసి గాలిని, నీటిని లోనికి పంపుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో బాక్సైట్ తవ్వి పూడ్చిన భూములు ఎంత కోలుకున్నాయో తెలుసుకొనడానికి శాస్త్రజ్ఞులు అక్కడికి తిరిగివచ్చిన చీమజాతులను పరిశీలించారు. శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బలను నిత్యం చూచే నస్పూర్ వాసులకు ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు. భూమిని తవ్వి బ్రతికే ఊరికి, భూమిని తవ్వి బ్రతికించే ప్రాణి పరాయిది కాదు.

శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని నానుడి. అది నమ్మిన ఇంట, చీమను చంపడానికి ఎవరి ఆజ్ఞ ఉన్నదో గృహస్థుడే ఆలోచింపవలెను. వాకిట పిడికెడు బియ్యపుపిండితో ముగ్గు వేసినా, ఆ పూటకు అది భూతయజ్ఞమే.