కూర్చునే హక్కు

ఒక నగరంలో మనకు ఎంత చోటు ఉందో జనాభా లెక్కలు చెప్పవు. ఆ నగరంలో మనం ఎక్కడ భయం లేకుండా, తొందర లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా కూర్చోగలుగుతున్నామో చూస్తే తెలుస్తుంది. నడిచే మనిషిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏదో పని మీద వెళుతున్నాడనుకుంటారు. కూర్చున్న మనిషి మీదే కళ్లు పడతాయి. ఇక్కడెందుకు కూర్చున్నాడు, ఎంతసేపు కూర్చుంటాడు, ఇతనికి ఇక్కడేం పని అన్న ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలు గడ్డం ఉన్నవాడి విషయంలో ఒక రకంగా, బురఖా వేసుకున్న స్త్రీ విషయంలో మరో రకంగా, పేదల విషయంలో ఇంకో రకంగా ఉంటాయి.

అందుకే ఈ నెల మేము షాపింగ్ మాల్ ఫుడ్‌కోర్టు గురించి రాయదలిచాం. వక్ఫ్ ఆస్తులు, రిజర్వేషన్లు, ఉపకార వేతనాలు వంటి బరువైన సమస్యల మధ్య పిల్లలు ఐస్‌క్రీం తినే చోటుకు ఇంత ప్రాధాన్యమా అని కొందరు పాఠకులు అడగవచ్చు. హక్కులు కోర్టు తీర్పుల్లోనే ఉండవు. సామాన్య కుటుంబం తన తీరిక సమయాన్ని ఎక్కడ, ఎలా గడపగలుగుతోందన్న దానిలోనూ ఉంటాయి. మన ఇళ్లలో ఆదివారం వస్తే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే కదా: ఈ సాయంత్రం ఎక్కడికి వెళదాం?

హైదరాబాదు పశ్చిమ శివారుల్లో గత పదిహేను, ఇరవై ఏళ్లలో పెద్ద పెద్ద మాల్స్ వెలిశాయి. వాటిలో ఒకదాని పై అంతస్తులో ఉన్న ఫుడ్‌కోర్టును కొన్ని ఆదివారాలు మేము గమనించాం. అసర్ దాటాక అక్కడ జనం పెరుగుతారు. టోలీచౌకి నుంచి, లంగర్‌హౌజ్ నుంచి, మెహదీపట్నం నుంచి మన కుటుంబాలు వస్తాయి. దాదీమాను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, సంచులన్నీ ఆమె పక్కన పెట్టి, బల్ల కాపలా ఆమెకు అప్పగించి మిగిలినవాళ్లు కౌంటర్ల వైపు వెళతారు. పక్క బల్ల దగ్గర మెడలో కంపెనీ గుర్తింపు కార్డులతో నలుగురు యువకులు. ఆ పక్కన మసాలా దోసె పంచుకుంటున్న తల్లీకూతుళ్లు. బురఖాలో ఉన్న ఒక యువతి వాళ్ల దగ్గరకు వెళ్లి, ‘ఈ కుర్చీ తీసుకోవచ్చా అమ్మా?’ అని అడిగింది. ‘తీసుకోమ్మా, ఎవరూ లేరు’ అని ఆ తల్లి తనే కుర్చీని ముందుకు జరిపింది. ఇద్దరూ మళ్లీ ఎవరి పనిలో వారు పడ్డారు. ఇంతకు మించి అక్కడ ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఈ రోజుల్లో ఎంత విలువైనదో మనకు తెలుసు.

ఫుడ్‌కోర్టులో మరో విశేషం ఉంది. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. డబ్బు కట్టాక చేతికి ఒక టోకెన్ ఇస్తారు; మన వంతు వచ్చినప్పుడు తెర మీద ఒక అంకె వెలుగుతుంది. ఆ అంకెకు మతం లేదు, కులం లేదు, ఇంటిపేరు లేదు. వండినవాడెవరో తినేవాడికి తెలియదు, తినేవాడెవరో వండినవాడికి తెలియదు. ఈ అజ్ఞాతం మామూలు విషయమని కొట్టివేయలేం. 2024 జులైలో కావడ్ యాత్ర సందర్భంగా ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ పోలీసులు దారి పొడవునా ఉన్న హోటళ్లు, దాబాలు, పండ్ల బండ్ల యజమానులు తమ పేర్లు రాసి పెట్టాలని ఆదేశించారు. ఆ పేర్లు ఎవరిని వేరు చేయడానికో అందరికీ అర్థమైంది. జులై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసింది. ఏ రకమైన ఆహారం పెడుతున్నారో చెబితే చాలునని, యజమానుల, పనివాళ్ల పేర్లు ప్రదర్శించమని బలవంతపెట్టరాదని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు మన మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. తాను కేరళలో ఉన్నప్పుడు ఒక ముస్లిం నడిపే శాకాహార హోటల్‌కు వెళ్లేవాడినని, అక్కడి పరిశుభ్రతే అందుకు కారణమని ఆయన ఆ విచారణ సందర్భంగా గుర్తు చేసుకున్నారు.

అయినా ఫుడ్‌కోర్టులో మన కుటుంబాలు పూర్తిగా నిశ్చింతగా ఉన్నాయని చెప్పలేం. ఒక పెద్దాయన కౌంటర్ మీదికి వంగి, పక్కవాళ్లకు వినబడనంత మెల్లగా ‘హలాలేనా బాబూ?’ అని అడగడం మేము చూశాం. ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడగవలసిన మాట అది. కానీ 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ధ్రువీకరణ ఉన్న ఆహార పదార్థాల తయారీని, అమ్మకాన్ని నిషేధించిన వార్త హైదరాబాదులోని పెద్దాయన గొంతును కూడా తగ్గించగలదు. మగ్రిబ్ వేళకు కొందరు మగవాళ్లు ఒక్కొక్కరుగా లేచి పార్కింగ్ అంతస్తు వైపు వెళ్లి, పది నిమిషాల్లో ఏమీ ఎరగనట్టు తిరిగి వస్తారు. ఈ జాగ్రత్త వెనుక కూడా ఒక సంఘటన ఉంది. 2022 జులై 10న లక్నోలో ఒక పెద్ద మాల్‌ను ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రారంభించారు. కొద్ది రోజులకే కొందరు లోపల నమాజ్ చేస్తున్న వీడియో బయటికి వచ్చింది. కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి, నిరసనలు జరిగాయి. చివరికి తన సిబ్బందిలో 80 శాతానికి పైగా హిందువులేనని ఆ మాల్ యాజమాన్యం ప్రకటించుకోవలసి వచ్చింది. అమ్మకాలు లెక్కపెట్టుకోవలసిన వ్యాపార సంస్థ తన కార్మికుల మతాన్ని లెక్కపెట్టి చూపించవలసిన దుస్థితి అది.

మన స్త్రీల దృష్టితో చూస్తే ఈ చోటు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2006లో పార్లమెంటు ముందుకు వచ్చిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదికలో చదువు, ఉద్యోగాలు, బ్యాంకు రుణాల లెక్కలతో పాటు మరో సంగతి కూడా ఉంది. బురఖా ధరించిన స్త్రీలకు బజారులో, ఆసుపత్రిలో, బడిలో, బస్సులో ఎదురయ్యే అమర్యాదను ఆ నివేదిక నమోదు చేసింది. మనం ఆ నివేదికలోని అంకెలను ఎన్నో సభల్లో చదివాం. ఈ పేజీని అంతగా చదవలేదు. ముంబైలో స్త్రీలు బహిరంగ స్థలాలను ఎలా వాడుకుంటున్నారో పరిశోధించిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో వెలువరించిన ‘వై లాయిటర్?’ అనే పుస్తకంలో ఒక ముఖ్యమైన వాదన చేశారు. స్త్రీ ఇల్లు దాటితే ఏదో ఒక పని చూపించుకోవాలి. ఏ పనీ లేకుండా ఊరికే బయట ఉండే హక్కు దొరికినప్పుడే ఆమె ఆ నగరానికి పూర్తి పౌరురాలవుతుందని వారి వాదన. మన ఆడపిల్లల విషయంలో ఆ పని చూపించుకోవలసింది బయటివాళ్లకే కాదు, ఇంట్లోవాళ్లకు కూడా. మాల్‌కు వెళతామంటే ఒప్పుకునే తండ్రి, పార్కులో స్నేహితురాలితో కాసేపు కూర్చుంటానంటే ఎందుకు ఒప్పుకోడో మనం మన ఇళ్లలో మాట్లాడుకోవాలి.

అయితే ఫుడ్‌కోర్టు ఇచ్చే నిశ్చింత కొనుక్కున్న నిశ్చింత. దానికి ధర ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో ప్లేటు తీసుకుంటే నలుగురున్న కుటుంబానికి అయ్యే ఖర్చు రోజు కూలీ ఇంట్లో కొన్ని రోజుల వంట ఖర్చు. అందుకే చాలా కుటుంబాలు ఒకటో రెండో ప్లేట్లు తెచ్చుకుని పంచుకుంటాయి. పిల్లలు తిన్నాక తల్లి మిగిలినది తింటుంది. బయటి తిండి లోపలికి తేకూడదు. తినడం అయిపోయాక ఎక్కువసేపు కూర్చుంటే ఖాళీ బల్ల కోసం పళ్లేలు పట్టుకుని నిలబడినవాళ్ల చూపులు లేవమంటాయి. ఇక గేటు దగ్గర తనిఖీని చూసే వెనుదిరిగేవాళ్లు, ఆ గాజు తలుపులు మనకోసం కావనుకునేవాళ్లు ఈ లెక్కలోకే రారు. బోరబండ బస్తీలోని మెకానిక్ కుటుంబం, చాంద్రాయణగుట్టలో జర్దోజీ పని చేసే తల్లి ఆదివారం ఎక్కడ కూర్చోవాలి?

హైదరాబాదుకు ఒకప్పుడు దీనికి సమాధానం ఉండేది. ఇరానీ హోటల్లో ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కట్ తీసుకుంటే గంటసేపు కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. పాలరాతి బల్లకు ఒకవైపు ఆటో డ్రైవరు, మరోవైపు ప్రభుత్వ గుమాస్తా, మధ్యలో ఉర్దూ దినపత్రిక, తెలుగు దినపత్రిక. ఎవరు ఎవరితోనైనా మాట కలిపేవారు. కానీ ఆ బల్ల ముఖ్యంగా మగవాళ్లదే. చవకైన చోటులో స్త్రీ లేదు. స్త్రీ ఉన్న చోటు చవక కాదు. ఆ రెండూ కలిసే చోటు కావాలంటే అది ప్రభుత్వం ఏర్పాటు చేయవలసిన చోటే: పార్కు, గ్రంథాలయం, చెరువు గట్టు, బస్టాండు.

రాజ్యాంగం ఈ సంగతిని మరచిపోలేదు. 15వ అధికరణంలోని రెండో క్లాజును మనం మళ్లీ మళ్లీ చదువుకోవాలి. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరుడినీ దుకాణాలకు, హోటళ్లకు, వినోద స్థలాలకు రాకుండా అడ్డుకోరాదని అది చెబుతుంది. ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రజల వాడకానికి అంకితం చేసిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, బహిరంగ స్థలాలకూ అదే వర్తిస్తుంది. ఈ నిబంధన 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో చర్చకు వచ్చినప్పుడు ‘దుకాణం’ అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఆ మాటను విశాలమైన అర్థంలోనే తీసుకోవాలని, అది కేవలం లోపలికి అడుగుపెట్టనివ్వడానికి సంబంధించినది కాదని, తగిన షరతులకు ఒప్పుకున్నవారికి సేవ అందించాలని డాక్టర్ అంబేడ్కర్ వివరించారు. అంటే మాల్‌లో మనం కూర్చోవడం యజమాని దయ కాదు. పార్కులో కూర్చోవడం ఇరుగుపొరుగు దయ అంతకంటే కాదు.

ఈ కూర్చునే హక్కు గురించి మాట్లాడేటప్పుడు అక్కడ కూర్చోకుండా ఉన్నవారిని మరచిపోరాదు. ఎంగిలి పళ్లేలు తీసే స్త్రీలు, నేల తుడిచే యువకులు, కౌంటర్ వెనుక నిలబడినవాళ్లు గంటల తరబడి కాళ్ల మీదే ఉంటారు. వందల కుర్చీల మధ్య వాళ్లకు ఒక్క కుర్చీ కనబడదు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు, దళితుల, గిరిజనుల పిల్లలూ ఉన్నారు, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. దుకాణాల్లో పనిచేసే స్త్రీల పోరాటం ఫలితంగా కేరళ 2018లో, తర్వాత తమిళనాడు 2021లో పని వేళల్లో కూర్చునే సౌకర్యాన్ని చట్టంలోకి తెచ్చాయి. తెలుగు నేల మీద ప్రతి మాల్‌లోనూ ఆ కుర్చీ కార్మికుడికి దక్కాలి. మనం తిన్న పళ్లెంలో సగం వదిలేసి లేచే అలవాటును కూడా అప్పుడే ప్రశ్నించుకోవాలి. ఇస్రాఫ్ తప్పని పిల్లలకు చెప్పేవాళ్లం, ఆ మిగిలిన తిండిని ఎత్తిపోసే చేతులను కూడా చూపించాలి.

ఇక చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. మన డివిజన్ కార్పొరేటర్ దగ్గరకు వినతిపత్రం తీసుకువెళ్లేటప్పుడు రోడ్డు, మురుగుకాలువతో పాటు నాలుగు బెంచీలు, దీపాలు, తాగునీరు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పార్కును కూడా అడగాలి. మూతపడిన శాఖా గ్రంథాలయాన్ని తెరిపించమని, అందులో తెలుగుతో పాటు ఉర్దూ పత్రికలు వేయించమని అడగాలి. మసీదు కమిటీలు, మహిళా సంఘాలు కలిసి ఇరుగుపొరుగు కుటుంబాలన్నిటినీ నెలకోసారి ఆ పార్కులోకి పిలవాలి. ఎవరి ఇంటి నుంచి వాళ్లు టిఫిన్ డబ్బా తెచ్చుకుంటే చాలు. హలాలేనా అని గొంతు తగ్గించకుండా అడగడం మన పిల్లలకు నేర్పాలి. పక్కవాళ్లు శాకాహారమేనా అని అడిగితే అంతే గౌరవంగా వినడమూ నేర్పాలి.

ఒకే కప్పు కింద ఒకే రకం కుర్చీలలో మనం, మన ఇరుగుపొరుగు పక్కపక్కన కూర్చోగలమని ఫుడ్‌కోర్టు ప్రతి ఆదివారం రుజువు చేస్తోంది. ఆ పని వ్యాపారి లాభం కోసం చేస్తున్నాడు. అదే పనిని బిల్లు అడగకుండా, అందరికోసం చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది. దాన్ని అడిగి సాధించుకోవలసిన బాధ్యత మనది.