లెక్క రాసుకునేటోళ్లు వస్తే తలుపు మూసుకోకండి



సౌదీలో 2022లో జనాభా లెక్కలు జరిగినయి. 2020లో జరగాల్సినవి కరోనాతో ఆగి, అప్పుడు జరిగినయి. మే 9 దాటి 10 వచ్చిన రాత్రి ఎవరు ఎక్కడ ఉన్నారో దాన్నిబట్టి లెక్క. ఇంటింటికి తిరిగి రాసుకోవడం జూన్ 15 దాకా ఉండె. సౌదీ వాళ్లనే కాదు, ఇక్కడ ఉంటున్న పరదేశీలను కూడా రాస్తరు. అంటే మనల్ని కూడా.

ఆ టైంలో మన క్యాంపులో ఏమైందో చాలామందికి తెలుసు. ట్యాబ్ పట్టుకుని ఇద్దరు గేటు దగ్గరికి వచ్చిండ్రనంగనే సగం రూములకు గొళ్లాలు పడ్డయి. ఒక తమ్ముడైతే నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నోణ్ణి లేపి "జవాజాతోళ్లు వచ్చిండ్రు, లే" అన్నడు. వాళ్లు జవాజాతోళ్లు కాదు, పోలీసులు కాదు. స్టాటిస్టిక్స్ అథారిటీ మనుషులు.

"మనకెందుకన్నా, రెండేండ్లకు పోయేటోళ్లం" అని అడిగిండు ఇంకొకడు. సరే, ఒక మాట చెప్త. అంతకుముందు 2010లో లెక్క తీసినప్పుడు ఈ దేశంలో 2 కోట్ల 71 లక్షల మంది తేలిండ్రు. అందులో 84 లక్షల మంది పరదేశీలు. పది మందిలో ముగ్గురు. వాళ్లలో ఎంతోమంది మనలెక్కనే రెండేండ్లని వచ్చినోళ్లే. ఒకరు ఎగ్జిట్ మీద పోతే అదే మంచం మీదికి ఇంకొకరు వస్తరు. మనం పోయినా మంచం ఖాళీగ ఉండదు కద.

సైట్‌లో పొద్దున హాజరు నేనే తీసుకుంట కాబట్టి నాకు ఇది బాగ అర్థమైతది. అరవై మంది ఉండి షీట్‌లో యాభై పేర్లే పడితే, నీళ్ల క్యాన్లు యాభై మందికే వస్తయి. బస్సులో సీట్లు యాభై మందికే చెప్తరు. మిగిలిన పది మంది ఎండలో నిలబడి "మాకేది" అంటే, ఆఫీసులో కూర్చున్నోడు కాగితం చూపిస్తడు. వాణ్ణి తిట్టి ఏం లాభం? షీట్‌లో లేనోడు వాడికి లేనట్టే. దేశం లెక్క కూడా ఇట్లనే. ఏ ఏరియాలో ఎంతమంది ఉంటున్నరు, ఒక్కో రూములో ఎంతమంది, ఏం పని చేస్తున్నరు అనేది తెలిస్తేనే ఆస్పత్రి ఎక్కడ కట్టాలె, రోడ్డు, నీళ్లు ఎటు తేవాలె అని చూస్తరు. 2020 మార్చిలో కరోనా మందు, వైద్యం కాగితాలు లేనోళ్లతో సహా అందరికీ ఫ్రీ అని రాజు గారు ఆర్డర్ ఇచ్చిండ్రు. ఆర్డర్ ఇచ్చినా, ఏ క్యాంపులో ఎంతమంది ఉన్నరో తెలియకపోతే డాక్టర్ ఎక్కడికి పోతడు?

అట్లని ఈ లెక్కతో మన జీతం పెరగదు. ఆగిన జీతాలు రావు. అట్ల చెప్పేటోడు ఎవరన్నా వస్తే నమ్మకండి.

మన దేశం సంగతి కూడా చూడండి. గల్ఫ్‌లో తెలుగోళ్లు ఎంతమంది అంటే ఒక్కో లీడర్ ఒక్కో నంబర్ చెప్తడు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి వచ్చినోళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కాగితాల్లో ఉంటరు. పదో తరగతి పాసైన నాలాంటోడికి ఈసీఎన్ఆర్, క్లియరెన్స్ అక్కర్లేదు, అందులో నా పేరు లేదు. విజిట్ వీసా మీద వచ్చి పని చూసుకున్నోడి పేరూ లేదు. పైగా అది పోయినోళ్ల లెక్కనే, తిరిగి వచ్చినోళ్లది కాదు. సౌదీ లెక్కలో మనం ఇండియన్లం అనే వస్తం, తెలుగోళ్లం అని రాదు, ఆ లోటు ఉంది. అయినా ఇండియన్లు ఇంతమంది అని ఒక గట్టి నంబర్ ఉంటే, ఎంబసీని అడగడానికి మన సంఘం వాళ్ల చేతిలో ఒక కాగితం ఉంటది.  ఇండియాలో 2021ల జరగాల్సిన జనగణన 2022 వచ్చినా జరగలేదు.

2014 ఆగస్టు 19 గుర్తుందా, తెలంగాణ వాళ్లకు? సమగ్ర కుటుంబ సర్వే అని ఒక్క రోజు కోసం ముంబై నుంచి, భివండి నుంచి మనోళ్లు బస్సుల్లో నిలబడి ఊర్లకు పోయిండ్రు. సర్వేలో పేరు లేకుంటే రేషన్ కార్డు పోతదేమో అని భయం. ఒక లెక్క కోసం అంత ఖర్చు పెట్టుకుని పోయినోళ్లం, ఇక్కడ మనిషి రూము దాకా వస్తే గొళ్లెం పెట్టుకుంటమా?

అకామా అయిపోయినోళ్ల భయం వేరు, ఖల్లివల్లి అయినోళ్ల భయం ఇంకా వేరు. దాన్ని తీసిపారేయలేను. తీసుకున్న వివరాలు లెక్కలకే వాడతమని, మనిషి వివరాలు రహస్యంగ ఉంచుతమని ఆ అథారిటీ వాళ్లు చెప్తున్నరు. నా ఉద్దేశంలో దాక్కోవడం కంటే జవాబు చెప్పడమే మంచిది. అకామా రెన్యూ చేయించాల్సింది కంపెనీ, అది మీ తప్పు కాదు. ఇంకా అనుమానం ఉంటే ముందు మన సంఘం వాలంటీర్‌తో మాట్లాడండి.

ఇంకొకటి. క్యాంప్ బాస్ లిస్ట్ ఇచ్చిండు కదా అని ఊరుకోవద్దు. ఆ లిస్ట్‌లో మీ పేరు ఉందో లేదో అడగండి. కొత్తగ వచ్చినోళ్లు, వేరే సైట్ నుంచి మారినోళ్ల పేర్లు తప్పిపోతయి. హౌస్ డ్రైవర్లు, ఇండ్లల్లో పనిచేసే అక్కచెల్లెండ్లు కఫీల్ ఇంటి లెక్కలోకి వస్తరు, వాళ్లు ఇంట్లో అడిగి చూసుకోవాలె.

దొంగలు కూడా ఉంటరు, జాగ్రత్త. వచ్చినోళ్ల దగ్గర ఐడీ కార్డు చూడండి. లెక్క రాసుకోవడానికి పైసలు అక్కర్లేదు. బ్యాంకు నంబరు, ఏటీఎం పిన్, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి. జనాభా లెక్క అని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే కట్ చేయండి.

అరబీ, ఇంగ్లీష్ రానోళ్ల కోసం శుక్రవారం అన్నం తిన్నాక మెస్ దగ్గర కూర్చుంట. అకామా, పాస్‌పోర్టు కాపీ పట్టుకుని రండి, పేరు, పుట్టిన తేదీ తప్పు పడకుండ చూసుకుందాం. నాలుగో బ్లాకు పై రూములకు నెట్ సరిగ్గ రాదు, ఎవరన్నా ఈ మెసేజ్ వాళ్లకు చదివి వినిపించండి.