మనవాడా? మన ఊరికి పనికొచ్చేవాడా?



ఆ మధ్య ఒక శనివారం తరగతిలో పిల్లలకి ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం అనే మాటలు నేర్పుతున్నాను. ఒక పాప చెయ్యెత్తి "అంకుల్, మనది ఏ జిల్లా?" అని అడిగింది. "కృష్ణా జిల్లా" అనబోయి ఆగాను. అది నా జిల్లా. ఆ పాప పుట్టింది ఇక్కడే. "మనది మోరిస్ కౌంటీ అమ్మా" అన్నాను. "మరి దానికి పెద్ద ఎవరు?" అంది. నాకు జవాబు తెలియలేదు. హైదరాబాదులో ఏ శాఖకి ఎవరు మంత్రో గడగడా చెప్పగలను. ఏళ్ల తరబడి పన్ను కడుతున్న కౌంటీని ఎవరు నడుపుతున్నారో చెప్పలేకపోయాను! ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ వ్యాసం.

ముందు తెలుసుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. మన పార్సిప్పనీ టౌన్‌షిప్‌కి ఒక మేయరు, ఐదుగురు కౌన్సిల్ సభ్యులు ఉంటారు. ఇది మన మునిసిపాలిటీ లాంటిది. దానిపైన జిల్లా పరిషత్తు లాంటిది మోరిస్ కౌంటీ బోర్డు. అందులో ఏడుగురు కమిషనర్లు. కౌంటీ అంతా కలిసి మూడేళ్ల పదవీకాలానికి వాళ్లని ఎన్నుకుంటుంది. పూర్వం వాళ్లని 'ఫ్రీహోల్డర్లు' అనేవారు, అంటే సొంత భూమి ఉన్నవాళ్లు అని. భూమి లేనివాడికి అధికారం లేని రోజుల నాటి మాట అది. 2020లో చట్టం చేసి, 2021 జనవరి నుంచి ఆ పేరు మార్చారు.

పిల్లలూ, ఈసారి కారులో వెళ్లేటప్పుడు రోడ్డు పక్కన చూడండి. ఐదు కోణాల నీలం పలక మీద పసుపు అంకె కనిపిస్తే అది కౌంటీ రోడ్డు. విప్పనీలోని పెద్ద గ్రంథాలయం, రాండాల్ఫ్‌లోని కౌంటీ కాలేజీ, కౌంటీ పార్కులు, వంతెనలు కూడా కౌంటీ లెక్కలోవే. ఇంటి పన్ను బిల్లు తీసి చూస్తే స్కూలుకెంత, టౌన్‌షిప్‌కెంత, కౌంటీకెంత అని విడివిడిగా ఉంటుంది. డబ్బు ఇచ్చేది మనమే. అడగనిది కూడా మనమే!

మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు సాయంత్రం నడకకి వెళ్లేవారు. ఒకరోజు కాలిబాట లేని మలుపు దగ్గర కారు ఆయన్ని రాసుకుంటూ పోయింది. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ఎవరికి చెప్పాలో కూడా నాకు తెలియలేదు. ఆ తరువాత ఒక పండుగ వేడుకకి ఇద్దరు అభ్యర్థులు వచ్చారు. ఒకాయన శాలువా కప్పించుకుని, "నమస్తే" అని, ఫొటోలు దిగి వెళ్లారు. మేమంతా మురిసిపోయాం. ఇంకొకావిడ భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నారు. నేను రోడ్డు సంగతి చెబితే "ఏ మలుపు? ఏ వేళప్పుడు?" అని అడిగి కాగితం మీద రాసుకున్నారు. ఆ రోడ్డు ఎవరి కిందికి వస్తుందో వారంలో కనుక్కుని ఫోను చేశారు. ఆవిడ మనవాళ్లు కారు. కానీ ఆ రోజు మనవాళ్లలో ఎవరూ చేయని పని చేశారు.

అందుకే నా మనవి. మనం అభ్యర్థులను బలపరచాలి, కాని పేరు చూసి కాదు. ఇంటిపేరు, కులం, జిల్లా చూసి ఓటేసే అలవాటును సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడిదాకా తెచ్చుకున్నాం. నేనూ ఒకసారి చివర్లో 'రావు' అని చూసి గీత గీసి వచ్చినవాణ్ణే. ఆయన ఏం చేస్తానన్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

మనవాళ్లు పోటీ చేయకూడదని కాదు, తప్పక చేయాలి. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల గారు 1997లో ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌కి గెలిచి, 2000లో మేయరయ్యి, 2002లో రాష్ట్ర అసెంబ్లీలో అడుగుపెట్టారు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ గారు మేరీల్యాండ్‌లో ఒక కౌంటీ రవాణా శాఖలో ఇంజనీరుగా ఏళ్ల తరబడి పనిచేశారు. 2023లో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు అయ్యారు. మన పార్సిప్పనీలోనే 2025 నవంబరులో పుల్కిత్ దేశాయ్ గారు మేయరుగా ఎన్నికయ్యారు. వీళ్లెవరూ ఒక్క భాషవాళ్ల ఓట్లతో గెలవలేదు. రోడ్డు, నీళ్లు, పన్ను గురించి పక్కింటివాళ్లతో మాట్లాడి గెలిచారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇక్కడ మన ఇల్లంటే మన వీధి.

మన మాటకి ఇప్పుడు విలువ పెరిగింది కూడా. న్యూజెర్సీలో చాలా కౌంటీల్లో పార్టీ పెద్దలు బలపరిచినవాళ్ల పేర్లన్నీ ప్రైమరీ బ్యాలెట్టు మీద ఒకే వరుసలో అచ్చయ్యేవి. ఆ వరుసలో లేనివాడు గెలవడం గగనమయ్యేది. 2024 మార్చిలో ఒక ఫెడరల్ జడ్జి ఆ ఏడాది డెమొక్రటిక్ ప్రైమరీకి ఆ పద్ధతిని ఆపారు. 2025లో చట్టమే మారింది. ఇప్పుడు ఒక పదవికి పోటీ చేసేవాళ్లంతా ఒకేచోట కనిపిస్తారు. పెద్దల వరుస పోయాక, ఇరుగుపొరుగు చెప్పే మాటకే బరువు.

ఒక జాగ్రత్త. మన బడిలాంటి లాభాపేక్ష లేని సంస్థలు ఏ అభ్యర్థినీ బలపరచకూడదని 1954 నుంచీ చట్టం ఉంది. కనుక బడి పేరుమీద ఎవరికీ జై కొట్టకండి. ఇది నా సొంత అభిప్రాయం. ఈ వ్యాసంలో కూడా ఫలానావారికి వేయమని నేను చెప్పలేదు. ఎవరికి మద్దతివ్వాలో మీ ఇంట్లో మీరే తేల్చుకోండి.

తేల్చుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నికలు లేని ఏడాదిలో ఈ మనిషి ఊరికోసం ఏం చేశాడు? కౌంటీ ఖర్చులో దేన్ని పెంచుతాడు, దేన్ని తగ్గిస్తాడు? మనకి ఓటు లేకపోయినా మన మాట వింటాడా? మూడోది చాలా ముఖ్యం. మనలో ఎందరో ఇంకా వీసాల మీద, గ్రీన్ కార్డుల మీద ఉన్నారు. వాళ్లకి ఓటు లేదు. వీసా మీద ఉన్నవాళ్లు ఎన్నికలకి చందా కూడా ఇవ్వకూడదు. అయినా కౌన్సిల్ సమావేశానికి వెళ్లవచ్చు, లేచి మాట్లాడవచ్చు. అడగందే అమ్మైనా పెట్టదు కదా! ఇక పౌరసత్వం ఉన్నవాళ్లు ఎన్నికకి 21 రోజుల ముందే పేరు నమోదు చేసుకోవాలి. అధ్యక్షుడి ఎన్నికకే కాదు, ప్రతి నవంబరుకీ వెళ్లాలి.

మళ్లీ ఆ పాప దగ్గరికి వస్తాను. వచ్చే నెల మా తరగతి పెద్దపిల్లల్ని, తల్లిదండ్రుల అనుమతితో, ఒక కౌంటీ బోర్డు సమావేశానికి తీసుకెళదామని అనుకుంటున్నాను. మీరూ రండి. "దానికి పెద్ద ఎవరు?" అన్న ప్రశ్న ఆ పాపే అక్కడ అడుగుతుంది. జవాబు విని, ఇంటికొచ్చి, మనకి తెలుగులో చెబుతుంది.