అన్నం మీద పడ్డ నింద

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ పెట్ షాపులోకి వెళ్తే ఖరీదైన సంచీల మీద తోడేలు బొమ్మ కనిపిస్తుంది. బొమ్మ కింద 'గ్రెయిన్ ఫ్రీ', అంటే ధాన్యం లేనిది, అని పెద్ద అక్షరాలు. షాపువాడి మాట కూడా అదే. ''కుక్క అంటే తోడేలే కదా సార్, అన్నం, గోధుమలు దానికి అరగవు. కాస్త ధరెక్కువైనా ఇదే వాడండి.'' కొత్తగా ల్యాబ్రడార్ పిల్లను తెచ్చుకున్న ఇంటివాళ్లు ఆ మాట నమ్మేస్తారు. మామూలు సంచీ కొంటే కుక్కకు ద్రోహం చేసినట్టేనేమోనని బెంగపడి, రెండింతల డబ్బు చెల్లించి బయటపడతారు.

ఈ నమ్మకంలో మూడు మాటలు కలిసి ఉన్నాయి. ధాన్యం కుక్కకు చెరుపు. మాంసం, ప్రొటీన్ ఎంత ఎక్కువైతే తిండి అంత మంచిది. ధర ఎంత ఎక్కువైతే నాణ్యత అంత ఎక్కువ. మూడింటికీ ఆధారం లేదు. మొదటిదైతే పచ్చి అబద్ధం.

కుక్క తోడేలు సంతతి అన్నది నిజమే. కానీ వేల ఏళ్లుగా మనిషి పొయ్యి దగ్గర బతికిన జంతువు కడుపు అడవిలో ఉన్నప్పటిలా ఉండిపోలేదు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు తోడేళ్ల జన్యువులనూ, పద్నాలుగు జాతుల కుక్కల జన్యువులనూ పోల్చి 2013లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమును క్లోమంలో తయారుచేయించే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. మనిషి వ్యవసాయం నేర్చి గింజలు వండుకోవడం మొదలుపెట్టాక, ఆ మిగులు తిని అరిగించుకోగలిగిన కుక్కలే అతని వెంట నిలిచాయి. ధాన్యం ఎరగని మంచుప్రాంతాల హస్కీల్లో ఈ ప్రతులు తక్కువ. తరతరాలుగా అన్నమో, సంగటో, రొట్టెముక్కో తిని బతికిన మన ఊళ్ల కుక్కను పట్టుకుని దానికి గింజ అరగదనడం వంట తెలియనివాడు రుచి గురించి తీర్పు చెప్పినట్టుంటుంది.

సరే, తోడేలు వాదమే ఒప్పుకుందాం. మరి ఆ గ్రెయిన్ ఫ్రీ సంచీలో ఏముంది? వెనక్కి తిప్పి చదవండి. బఠాణీలు, మసూరు పప్పు, శనగలు, బంగాళాదుంపలు. ఏ తోడేలు బఠాణీ చేలో మేసింది? అసలు సంచీలోని ఆ పొడి గుళికల్ని తయారుచేసే పద్ధతిలోనే పిండిపదార్థం అవసరం ఉంది. ముద్దను వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి తోస్తే అది పొంగి గుళికగా నిలవాలంటే పిండి ఉండి తీరాలి. కాబట్టి బియ్యం తీసేసిన చోట మరో పిండి వచ్చి చేరింది. పోయింది ధాన్యం పేరు మాత్రమే.

ఆ మార్పిడి ఉచితంగా కూడా జరగలేదు. కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే డైలేటెడ్ కార్డియోమయోపతి అనే జబ్బుకూ ఈ రకం తిండికీ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూలైలో విచారణ మొదలుపెట్టింది. 2019లో లెక్కలు బయటపెట్టింది. అప్పటిదాకా అందిన 524 ఫిర్యాదుల్లో నూటికి తొంభైకి పైగా తిండ్లు గ్రెయిన్ ఫ్రీవే. అంతకన్నా ఎక్కువ వాటిలో బఠాణీలో, మసూరో, రెండూనో ఉన్నాయి. అయితే ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఫిర్యాదుల లెక్క రుజువు కాదు. తిండే కారణమని తేల్చడానికి ఈ సమాచారం చాలదని 2022 చివర్లో ఎఫ్‌డీఏ స్వయంగా చెప్పింది. కాబట్టి గ్రెయిన్ ఫ్రీ తింటే గుండె జబ్బు వస్తుందని నేను అనను. కుక్కకు మేలని చెప్పి, రెండింతల ధరకు అమ్మే సరుకు మేలు చేస్తుందన్న రుజువు ఎక్కడుందని మాత్రం అడుగుతాను. అది ఇప్పటికీ ఎవరూ చూపలేదు.

ధాన్యానికి చెడ్డపేరు ఊరికే రాలేదనేవాళ్లున్నారు. 2007లో ఉత్తర అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయినప్పుడు మెనూ ఫుడ్స్ కంపెనీ కోట్ల కొద్దీ డబ్బాలనూ పొట్లాలనూ వెనక్కి పిలిపించుకుంది. తప్పు గోధుమ గ్లూటెన్‌లో దొరికింది. కానీ ఆ గ్లూటెన్‌లో ఉన్న విషం గోధుమది కాదు. చైనా నుంచి వచ్చిన సరుకులో మెలమిన్ అనే రసాయనం కలిపారు. ఎందుకు కలిపారో తెలిస్తే రెండో నమ్మకం కూడా కూలిపోతుంది. ప్రయోగశాలలో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. నైట్రోజన్‌ను కొలిచి 6.25తో గుణిస్తారు. మెలమిన్ బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. దాన్ని కలిపితే పరీక్షలో ప్రొటీన్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది, కుక్కకు మాత్రం విషం దక్కుతుంది. సంచీ మీద 'క్రూడ్ ప్రొటీన్ 34 శాతం' అని చూసి మురిసిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ అంకె నైట్రోజన్ ఎంతో చెబుతుంది. అది అరిగే ప్రొటీనో కాదో చెప్పదు. ఈకల్లోనూ, తోలులోనూ నైట్రోజన్ ఉంటుంది.

ధాన్యంలో నిజంగా భయపడాల్సింది బూజు. ఈ సంగతి మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాదాపు యాభై ఏళ్ల క్రితమే ప్రపంచానికి చూపించారు. 1974లో గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ వ్యాధి పాలయ్యారు, 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న ఇంటి కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. కారణం ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, 2020 డిసెంబరులో అమెరికాలో స్పోర్ట్‌మిక్స్ కుక్కల తిండిని వెనక్కి పిలిపించిందీ ఈ విషమే. నూటికి పైగా కుక్కలు చనిపోయినట్టు ఫిర్యాదులు అందాయి. ఇక మన షాపుల్లో పెద్ద సంచీ మూతి విప్పి, ప్లాస్టిక్ కవరులో కిలోల చొప్పున లూజుగా అమ్మే అలవాటు చూడండి. తయారీ తేదీ ఉండదు, బ్యాచ్ నంబరు ఉండదు, వానాకాలపు తేమ మాత్రం దండిగా తగులుతుంది, కొవ్వు కనరెక్కుతుంది. గ్రెయిన్ ఫ్రీ కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టే మనిషి, ఆ లూజు సరుకు గురించి ఒక్క ప్రశ్న వేయడు.

'మొదటి పేరు కోడిమాంసమే ఉండాలి' అన్నది మరో మంత్రం. పదార్థాల పట్టీ వండకముందు బరువు ప్రకారం రాస్తారు. పచ్చి కోడిమాంసంలో దాదాపు మూడొంతులు నీళ్లే. ఆ నీళ్లు తీసేసి లెక్కేస్తే అది పట్టీలో కిందికి జారిపోతుంది. పట్టీలో దాని తర్వాత ఉన్న చికెన్ మీల్ అనే ఎండు పొడి నుంచే ఎక్కువ ప్రొటీన్ వస్తుండవచ్చు. బఠాణీనే బఠాణీ పిండి, బఠాణీ ప్రొటీన్, బఠాణీ పీచు అని మూడు ముక్కలు చేసి రాస్తే ఒక్కొక్కటీ కింద పడుతుంది, మాంసం పైకి తేలుతుంది. కార్జం లాంటి అవయవాలకు వాడే 'బై ప్రొడక్ట్' అన్న మాటకు ముఖం చిట్లించేవాళ్లను చూస్తే ఇంకా నవ్వొస్తుంది. ఆదివారం మటన్ కొట్టు ముందు వరసలో నిలబడి కార్జం, బోటీ, తలకాయ అడిగి మరీ తెచ్చుకునే మనం, కుక్క తిండిలో కార్జం ఉందంటే నాసిరకమని తీర్పు చెప్పేస్తాం. పోషకాల లెక్కన ఉత్త కండకన్నా కార్జమే గొప్పది.

ఎలర్జీ మాటా అంతే. దురద పుట్టగానే ధాన్యం మానేయమనే సలహా ఊరంతా తిరుగుతోంది. ఆహార ఎలర్జీ తేలిన 297 కుక్కల వివరాలను గుదిగుచ్చి 2016లో వెలువడిన సమీక్షలో మొదటి ముద్దాయి గొడ్డుమాంసం, 34 శాతం. తర్వాత పాల పదార్థాలు, ఆ తర్వాత కోడి, నాలుగో చోట గోధుమ. ధాన్యం తీసేసి కోడిమాంసం పెంచిన సంచీ ఏ దురదకు మందు?

ఇదంతా చదివి, 'అయితే పెరుగన్నం పెట్టేస్తే సరిపోతుందిగా' అని సంబరపడేవాళ్లకూ ఒక మాట. సరిపోదు. అన్నం అరుగుతుందంటే అన్నంతోనే అన్నీ అందుతాయని అర్థం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికిన 200 ఇంటి వంటకాలను 2013లో పరీక్షిస్తే 95 శాతం వంటకాల్లో ఏదో ఒక ముఖ్యమైన పోషకం తగ్గింది. మన గిన్నెలో మిగిలిందీ అన్నివేళలా క్షేమం కాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్రరక్త కణాలను చెడగొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ద్రాక్షలోని ఆ దోషం టార్టారిక్ ఆమ్లానిదేనని పశువైద్యులు ఇటీవల గట్టిగా అనుమానిస్తున్నారు. చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కల కేసులు 2022లో ప్రచురించారు. కాబట్టి పులిహోర, చారు, పులుసు కలిపిన అన్నం కుక్కకు పెట్టకండి. ఇంటి తిండే పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ పోషకాహారం తెలిసిన పశువైద్యుడి చేత లెక్క వేయించుకుని, ఖనిజాల మిశ్రమం కలిపి పెట్టండి.

మరి మంచి తిండిని ఎలా ఎంచుకోవాలి? సంచీ ముందువైపు వదిలేసి వెనకవైపు చూడాలి. ఏ వయసు కుక్కకు అది సంపూర్ణ ఆహారమో రాశారా? అమెరికా ప్రమాణాల సంస్థ ఆఫ్కో లెక్క ప్రకారం తేమ తీసేశాక పెద్ద కుక్కకు కనీసం 18 శాతం, పిల్లకు 22.5 శాతం ప్రొటీన్ ఉండాలి. తేమ తీసేశాక అన్న మాట ముఖ్యం. 80 శాతం నీళ్లున్న డబ్బాలోని 8 శాతం ప్రొటీన్, పది శాతం తేమ ఉన్న గుళికల్లోని 24 శాతం కన్నా నిజానికి ఎక్కువ. కంపెనీలో పోషకాహార నిపుణులున్నారా, సరుకు సొంత ఫ్యాక్టరీలో తయారవుతోందా, బ్యాచ్ బ్యాచ్‌కీ పరీక్ష చేస్తారా, కప్పుకు ఎన్ని కేలరీలో చెబుతారా? చిన్న జంతువుల పశువైద్యుల ప్రపంచ సంఘం యజమానులను అడగమంటున్నది ఇవే. సమాధానం చెప్పలేని కంపెనీ తోడేలు బొమ్మ ఎంత అందంగా వేస్తే ఏం?

మన దేశంలో ఈ ప్రశ్నలు మనమే అడగక తప్పదు. 2006 ఆహార భద్రతా చట్టం మనుషుల తిండికే వర్తిస్తుంది, జంతువుల మేతను దాని నిర్వచనంలోంచే తప్పించారు. మన పచ్చడి సీసాకు ఉన్న కాపలా కుక్క సంచీకి లేదు. పెద్ద కంపెనీ మార్స్ సిద్దిపేట జిల్లాలో కుక్కల తిండి ఫ్యాక్టరీ నడుపుతోంది. ఈ వ్యాపారం మన గడప దాకా వచ్చేసింది. చట్టం ఇంకా రాలేదు. పరీక్షలూ, లేబుళ్ల నిజాయితీ తప్పనిసరి చేయమని ప్రభుత్వాన్ని అడగాల్సిన యజమానులు, గ్రెయిన్ ఫ్రీ మంచిదా కాదా అని తమలో తాము కొట్టుకుంటున్నారు.

చివరగా, ఏది పెట్టాలన్నదానికన్నా ఎంత పెట్టాలన్నదే పెద్ద ప్రశ్న. ప్యూరినా కంపెనీ 48 ల్యాబ్రడార్లను జతలుగా చేసి వాటి జీవితమంతా గమనించి 2002లో ఫలితాలు ప్రకటించింది. జతలో రెండోదానికన్నా పాతిక శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. తిండి అమ్మే కంపెనీయే తక్కువ పెట్టమని తేల్చిన ఫలితమిది, అనుమానించాల్సిన అవసరం లేదు. తిండి సరిపోయిందో లేదో చేత్తో తడిమితే తెలుస్తుంది. పక్కటెముకలు వేళ్లకు తగలాలి, కంటికి పొడుచుకు రాకూడదు. సంపూర్ణ ఆహారం తినే పెద్ద జాతి పిల్లకు బలం కోసమని కాల్షియం సిరప్ పోయడం కూడా ఆపాలి. కాల్షియం ఎక్కువైతే ఆ ఎముకలే వంకర తిరుగుతాయి.

నా తీర్పు ఇది. అన్నం కుక్కకు శత్రువు కాదు, ధర కుక్కకు వైద్యుడు కాదు. తోడేలు బొమ్మకు పెట్టే ఆ అదనపు డబ్బును మూతి విప్పని తాజా సంచీకీ, ఏటా ఒకసారి పశువైద్యుడి పరీక్షకూ పెట్టండి. కుక్కకు దక్కే మేలు అక్కడుంది.