దసరా సభలో చప్పట్లు

క్రిందటి దసరాకు మన సంఘం సభలో ఒక పెద్దమనిషి మాట్లాడారు. పిల్లల శ్లోకాలు అయిపోయినాయి, పులిహోర ఇంకా వడ్డించలేదు. ఆయన రాముడితో మొదలుపెట్టి, రావణవధ మీదుగా, ఈ కాలపు మనుషుల దగ్గరకు వచ్చారు. రావణులు ఇప్పటికీ ఉన్నారనీ, వాళ్ళెవరో మనందరికీ తెలుసుననీ, ధర్మం కోసం చేసేది హింస కాదని గీతలోనే ఉన్నదనీ సెలవిచ్చారు. హాలంతా చప్పట్లు. కొట్టినవారిలో మేమూ ఉన్నాము. ఇంటికి వస్తుంటే కారు వెనకసీట్లోంచి మా అబ్బాయి "ఆ రావణులెవరు నాన్నా?" అని అడిగాడు. వర్షంలో దారి కనపడటం లేదన్నట్టు ముందుకు వంగి, జవాబు చెప్పకుండా ఊరుకున్నాము.

అప్పటినుంచీ ఆ చప్పట్లు మమ్మల్ని బాధిస్తూనే ఉన్నాయి. ఆ ప్రసంగం కొత్తది కాదు. ఈ లండన్‌లో అది మొదటిసారి వినబడిందీ కాదు.

1909 జులై 1వ తేదీ రాత్రి సౌత్ కెన్సింగ్టన్‌లోని ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో నేషనల్ ఇండియన్ అసోసియేషన్ వారి వేడుక జరిగింది. ఆ భవనంలో చాలా భాగం తర్వాత కూల్చివేశారు. గంటల గోపురం మాత్రం ఇంపీరియల్ కాలేజీ ఆవరణలో ఇప్పటికీ నిలిచి ఉంది. మనవాళ్ళకూ ఇంగ్లీషువారికీ పరిచయాలు పెంచటం ఆ సంఘం పని. ఒక విధంగా మన సంఘం వంటిదే అనుకోండి. పాటలూ పలకరింపులూ ముగిసి జనం కదులుతుండగా, యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు చదువుతున్న మదన్‌లాల్ ధింగ్రా, ఇండియా మంత్రి కార్యాలయంలో ఉన్నతోద్యోగి అయిన సర్ విలియం కర్జన్ వైలీని దగ్గరనుంచి కాల్చి చంపాడు. అడ్డం వచ్చిన పార్శీ డాక్టరు కావస్ లాల్‌కాకా కూడా ఆ తూటాలకే పోయాడు. ధింగ్రా అస్థికలను 1976లో సగౌరవంగా ఇండియాకు తీసుకువెళ్ళారు. లాల్‌కాకాను తలచుకునేవారు అరుదు. షాంఘైలో వైద్యం చేసుకునే మనిషి, ఎవరికో ప్రాణం మీదికి వస్తే ముందుకు దూకాడు. ఆయన చేసిన నేరం అంతే. మన సభ్యులలో డాక్టర్లు చాలామంది ఉన్నారు గనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాము.

ధింగ్రాను ఆగస్టు 17న ఉరితీశారు. అతని పేర వెలువడిన ప్రకటనలో దేశానికి జరిగిన అన్యాయం హిందువుగా తనకు దైవానికి జరిగిన అవమానమే అనీ, దేశం పని రాముడి పని, కృష్ణుడి సేవ అనీ ఉన్నది. ఆ మాటలు అతనివి కావు, సావర్కర్ వ్రాసి ఇచ్చినవి అని చాలామంది నమ్మకం.

ఇక్కడ కొందరు చదువరులకు కోపం వస్తుందని తెలుసు. ధింగ్రా దేశభక్తుడు కాడా, ఇంగ్లీషువాడి పాలన దోపిడీ కాదా అని అడుగుతారు. దోపిడీయే. పాతికేళ్ళ కుర్రవాడి ధైర్యాన్నీ మేము కాదనము. మా తగాదా అంతా ఒక్క అడుగుతోనే: దేశం గొడవలోకి రాముణ్ణి లాగిన అడుగుతో. దేశాల మధ్య తగవుకు లెక్క ఉంటుంది. ఎవరు దోచారు, ఎంత దోచారు, ఏమిస్తే తీరుతుంది అని అడగవచ్చు. తగవు తీరవచ్చు కూడా. దేవుణ్ణి సాక్ష్యానికి కాదు, ఏకంగా కక్షిదారుగా నిలబెట్టిన తర్వాత లెక్క అడిగినవాడే పాపి అవుతాడు. లాల్‌కాకా ఏ రావణుడయ్యా అని ఎవరడగాలి?

ఒకాయన అడిగాడు. ఆ జులైలోనే దక్షిణాఫ్రికా భారతీయుల పని మీద గాంధీ లండన్ వచ్చి ఉన్నారు. మత్తు సారాయితోనే కాదు, పిచ్చి ఊహతో కూడా ఎక్కుతుందనీ, ధింగ్రాకంటే అతనికి ఆ ఊహ ఎక్కించినవారిది పెద్ద దోషమనీ ఆయన తన పత్రికలో వ్రాశారు. ఆ అక్టోబరు 24న ఇక్కడి భారతీయులు దసరా విందు చేసుకున్నారు. గాంధీ అధ్యక్షులు. వివాదపు రాజకీయాలు మాట్లాడకూడదని ఆయన పెట్టిన షరతు. సావర్కర్ కూడా మాట్లాడారు. గాంధీకి రామాయణంలో సీత ఓర్పు, భరతుడి త్యాగం కనిపించాయి. సావర్కర్‌కు దసరాకు ముందు తొమ్మిది రాత్రుల దుర్గ, రాజ్యానికి ముందు రావణవధ కనిపించాయి. కథ ఒక్కటే, బల్ల ఒక్కటే, భోజనమూ ఒక్కటే.

తర్వాతి సంగతి అందరూ ఎరిగినదే. గాంధీ గీతను మొదట చదివింది కూడా ఈ లండన్‌లోనే, 1889లో, ఆర్నాల్డ్ ఇంగ్లీషులో. తర్వాత ఆయన ప్రార్థనలో నిత్యం చదివినవి రెండవ అధ్యాయం చివరి స్థితప్రజ్ఞ శ్లోకాలు. 1948 జనవరి 30న ఆ ప్రార్థనకు నడిచివెళుతుండగా గాడ్సే కాల్చాడు. కోర్టులో అతను రాముడు రావణుని చంపలేదా, కృష్ణుడు కంసుని చంపలేదా, అర్జునుడు భీష్ముడంతటివాణ్ణి కొట్టలేదా అని వాదించాడు. 1949 నవంబరు 15న అంబాలా జైలులో గీత చేతబట్టుకునే ఉరికంబం దగ్గరకు వెళ్ళాడు. (ఆ కేసులో సావర్కర్ కూడా ముద్దాయిగా నిలిచి, నిర్దోషిగా విడుదలైనారు. అది చెప్పకపోవటం న్యాయం కాదు.)

గాడ్సే చదవనిది ఏమిటి? గీతలో మొదటి అధ్యాయం. విల్లు జారిపోయి, ఒళ్ళు వణికి, రథంలో కూలబడ్డ అర్జునుడు అక్కడ ఉన్నాడు. ఆ వణుకు లేనివాడికి కృష్ణుడు ఏమీ చెప్పలేదు. రామాయణంలో అంగదుణ్ణి రాయబారం పంపటం ఉంది. ఆయుధం పోయిన రావణుణ్ణి ఇంటికి వెళ్ళి అలసట తీర్చుకుని రమ్మనటం ఉంది. చచ్చిన తర్వాత పగ ఏమిటని విభీషణుడి చేత అంత్యక్రియలు చేయించటం ఉంది. ఇవన్నీ తీసి అవతల పారవేస్తే మిగిలేది బాణం ఒక్కటే. ఇంకో సంగతి. అంత రామాయణంలోనూ నన్ను నేను రాముడిగా నియమించుకున్నాను, పక్కింటివాణ్ణి రావణుడిగా నిర్ణయించాను అనటానికి ఎవరికీ అధికారం ఇచ్చినట్టు మాకు కనబడలేదు.

ఇది హిందువుల ఒక్కరి జబ్బు కాదు, స్వదేశంలో ఉన్నవారి జబ్బూ కాదు. 1984లో అమృతసర్‌లో, ఢిల్లీలో సిక్కులకు తగిలిన గాయాలు నిజమైనవి. కెనడాలో కొందరు ఆ గాయానికి మతం పేరుపెట్టి బాంబు కట్టారు. 1985 జూన్ 23న ఐర్లండు తీరం దగ్గర సముద్రంలో కూలిన ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో 329 మంది పోయారు. అందులో 80 మందికి పైగా పిల్లలు. సెలవులకు తాతయ్య, అమ్మమ్మల దగ్గరకు బయలుదేరినవాళ్ళు, అచ్చం మన పిల్లల్లాగా.

మనమేమీ బాంబులు కట్టలేదు. నిజమే. 1989లో అయోధ్యకు విదేశాల నుంచి ఇటుకలు పూజచేసి పంపినవారూ ఎవరినీ చంపలేదు. 1992 డిసెంబరు 6 తర్వాత అల్లర్లలో సుమారు 2,000 మంది చనిపోయినపుడు వారు ఇక్కడ మామూలుగా పనికి వెళ్ళి వచ్చారు. పరదేశంలో ఉండటంలోని సౌకర్యం అది. చప్పట్లు ఇక్కడ కొడతాము, పొగ అక్కడ లేస్తుంది. ఆ పొగలో ఇల్లు కాలేది మన అక్కయ్య పక్కింటివారిది.

తెలుగువాళ్ళం మనం. భారతంలో మన పల్లెలు రాత్రంతా మేలుకొని చూసింది ఏ ఘట్టం? తిరుపతి వేంకట కవుల నాటకాల్లో జనం వన్స్‌మోర్ కొట్టి కొట్టి పాడించుకున్నది రాయబారం. అయిదూళ్ళిస్తే చాలు, యుద్ధం వద్దు అని కృష్ణుడు శత్రువు కొలువుకు నడిచి వచ్చిన ఘట్టం. అది విఫలమైందని అందరికీ ముందే తెలుసు. అయినా తెల్లవారేదాకా కూర్చున్నారు.

అందుచేత కార్యవర్గానికి మా విన్నపం: వచ్చే దసరాకు రావణుడి దిష్టిబొమ్మకు మా చందా ఉండదు. రాయబారం వేస్తే హార్మోనియం మేము తెస్తాము. దుర్యోధనుడి వేషానికి ఆ పెద్దమనిషినే అడగండి, ఆయన గొంతు బాగుంటుంది.