నాన్న విన్న వయొలిన్

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది మనందరికీ ఉన్న చిక్కే. గుడి, మాల్, పార్కు అయిపోయాక? మా ఊరి చర్చిలో బుధవారం మధ్యాహ్నాలు కచేరీ ఉంటుంది. గంటసేపే. టికెట్ లేదు, పళ్ళెంలో తోచినంత వేస్తే చాలు. మొన్న వయొలిన్, పియానో అన్నారు. నాన్నది విజయనగరం, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊరు. వయొలిన్ అంటే కాదనరు.

నాన్నకి వినికిడి తగ్గింది. ఒప్పుకోరు. భోజనానికి ఎవరు పిలిచినా మోకాళ్ళ నొప్పులంటారు, ఫోన్ మోగితే అమ్మ చేతికిచ్చేస్తారు.

మొదట బీథోవెన్ 'స్ప్రింగ్' సొనాటా. వయొలిన్ ఎత్తుకున్న వరసని పియానో అందుకుంటుంది. మన శంకరాభరణం స్వరాలే, గమకాలుండవు, అంతే. మూడో భాగం చాలా చిన్నది. అందులో వయొలిన్ కావాలనే పియానో కంటే ఒక దెబ్బ వెనకాల నడుస్తుంది. నాన్న నా వైపు వంగి, "ఆ అమ్మాయి వెనకబడుతోందే!" అన్నారు. అంత సూక్ష్మం పట్టుకున్న మనిషికి నేను పక్కనుంచి గుసగుసగా చెప్పిన జవాబు మాత్రం అందలేదు.

ఇందులో వింతేమీ లేదు. వయసుతో వచ్చే చెవుడు ముందు పై ఫ్రీక్వెన్సీలని తినేస్తుంది. స, శ, ఫ లాంటి హల్లుల బలమంతా అక్కడే. వేలు నొక్కకుండా వాయిస్తే వయొలిన్ నాలుగు తీగలూ 196 నుంచి 659 హెర్ట్జ్ లోపు పలుకుతాయి. అందుకే "నాకు వినపడుతోందిగా" అన్న నాన్న వాదన అబద్ధం కాదు. గొంతు వినపడుతుంది, మాట తెలియదు.

ఆ సొనాటా అచ్చయిన 1801లోనే బీథోవెన్ వెగెలర్ అనే డాక్టరు స్నేహితుడికి ఇదే సంగతి ఉత్తరం రాశాడు. మెల్లగా మాట్లాడితే శబ్దం అందుతుంది కానీ మాటలు అందవనీ, చెవుడని చెప్పుకోలేక రెండేళ్ళుగా నలుగురిలోకి వెళ్ళడం మానేశాననీ. అప్పటికి ముప్ఫై ఏళ్ళు!

తరవాతిది ఆర్వో పార్ట్ 1978లో రాసినది. పియానో మూడేసి స్వరాలు విడివిడిగా మీటుతుంటే వయొలిన్ ఒక్కో స్వరాన్నీ నింపాదిగా సాగదీస్తుంది. నాకు కాస్త సాగినట్టే అనిపించింది. నాన్న కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

బస్సులో ఎదురుగా కూర్చుని, ఆ ఉత్తరం గురించి నెమ్మదిగా చెప్పాను.

"అప్పట్లో మెషిన్లు లేవుగా?" అన్నారు.

"లేవు నాన్నా."

"ఉంటే పెట్టుకునేవాడంటావా?"

ఏం చెప్పను! ఊరెళ్ళాక చెవులు చూపించుకుంటానని మాత్రం ఆ రాత్రి అమ్మతో అన్నారట. తెల్లారకముందే తమ్ముడికి ఫోన్ చేసి, డాక్టరు దగ్గర రోజు ఖాయం చేయమన్నాను.