సర్వర్ మారితే మన చాబీలు ఎందుకు మార్చాలి?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఈ మధ్య ఒకే రకం వాట్సాప్ మెసేజీలు తిరుగుతున్నాయి. "మా సాఫ్ట్‌వేర్ మారింది. మీ పాత పాస్‌వర్డ్ ఇక పనిచేయదు. కొత్త పాస్‌వర్డ్ మీ పుట్టిన తేదీ." ఒకచోట బడి ఫీజుల యాప్, ఇంకోచోట బట్టల దుకాణం ఖాతా, మరోచోట చీటీల లెక్క. బహానా మాత్రం ఒకటే: డేటాబేస్ సర్వర్ కొత్త వెర్షన్‌కి పోయిందట. ఏళ్ళుగా ఈ సర్వర్ల పనే చేస్తున్నవాణ్ణి కాబట్టి నా రాయ్ సాఫ్‌గా చెప్తున్నాను. ఇందులో మజ్‌బూరీ చాలా తక్కువ, సుస్తీ చాలా ఎక్కువ.

ముందు అసలు సంగతి చూద్దాం. జిమ్మేదారీతో రాసిన సాఫ్ట్‌వేర్‌లో మీ పాస్‌వర్డ్ ఎక్కడా దాచి ఉండదు. దాన్ని కీమా కొట్టినట్టు కొట్టి, వచ్చినదాన్ని మాత్రమే దాస్తారు. దాన్నే హ్యాష్ అంటారు. కీమాని మళ్ళీ బోటీ చేయలేం కదా, హ్యాష్ నుంచి కూడా పాస్‌వర్డ్ నేరుగా తిరిగి రాదు. మీరు లాగిన్ అయిన ప్రతిసారీ మీరు కొట్టిన అక్షరాలను అదే తరీఖాలో మళ్ళీ కీమా చేసి, రెండూ కలిశాయా లేదా అని చూస్తారు. ప్రతి ఒక్కరి పాస్‌వర్డ్‌కి కొన్ని వేరువేరు అక్షరాలు కలుపుతారు. దాని పేరు సాల్ట్, అంటే మన నమక్. నమక్ వేరైతే ఇద్దరు మనుషుల పాస్‌వర్డ్ ఒకటే అయినా హ్యాష్‌లు వేరుగా వస్తాయి.

కాబట్టి సర్వర్ మార్చేవాడు మోయాల్సింది పాస్‌వర్డ్‌లను కాదు, హ్యాష్‌లను. ఉన్నవి ఉన్నట్టు, ఒక్క అక్షరం తగ్గకుండా మోయాలి. మరి ముష్కిల్ ఎక్కడ వస్తుంది?

మన దగ్గర చిన్న సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కనిపించే మైఎస్‌క్యూఎల్‌నే తీసుకోండి. 4.1 వెర్షన్‌కి ముందు అందులో హ్యాష్ 16 అక్షరాలు ఉండేది. 2004లో 4.1 వచ్చాక నక్షత్రం గుర్తుతో మొదలయ్యే 41 అక్షరాల హ్యాష్ వచ్చింది. 5.7లో ఆ పాత 16 అక్షరాల రకాన్ని పూర్తిగా తీసేశారు. 2018లో 8.0 వచ్చింది, కొత్త ఖాతాలకు ఇంకా గట్టి పద్ధతి పెట్టింది. 2024లో 8.4 వచ్చేసరికి ఆ 41 అక్షరాల పద్ధతి దానంతటది నడవకుండా బంద్ చేశారు, 9.0లో తీసేశారు. అంటే తయారీదారులు రాత్రికి రాత్రి తలుపు మూయలేదు. పాతదాన్ని వదిలి కొత్తదానికి రావడానికి ఏళ్ళ మోహలత్ ఇచ్చారు.

మన ఊళ్ళల్లో కూలేది వేరే చోట. మైఎస్‌క్యూఎల్‌లో పాస్‌వర్డ్ అనే పేరుతోనే ఒక ఫంక్షన్ ఉండేది. అది సర్వర్ సొంత ఖాతాల కోసం పెట్టింది. మీ సాఫ్ట్‌వేర్ యూజర్ల కోసం దాన్ని వాడొద్దని వాళ్ళ మాన్యువల్‌లోనే రాసి ఉండేది. అయినా తేలిక అని చాలామంది వాడుకున్నారు. 8.0లో ఆ ఫంక్షన్‌నే ఎత్తేశారు. పొద్దున్న సర్వర్ మారింది, మధ్యాహ్నానికి ఎవరికీ లాగిన్ కావట్లేదు. అప్పుడు పుట్టిన తేదీ మెసేజీ బయలుదేరుతుంది.

దీనికి ఇలాజ్ ఉంది, అదీ కష్టమైంది కాదు. ఆ ఫంక్షన్ చేసే పని ఎస్‌హెచ్‌ఏ-1 అనే లెక్కను రెండుసార్లు చేసి ముందు నక్షత్రం పెట్టడమే. ఆ లెక్కను సాఫ్ట్‌వేర్‌లోనే నాలుగు లైన్లలో రాసుకోవచ్చు. మనిషి పాత పాస్‌వర్డ్‌తోనే లోపలికి వస్తాడు. వచ్చిన ఆ క్షణంలోనే అతని పాస్‌వర్డ్‌ని నమక్ కలిసిన బీక్రిప్ట్ హ్యాష్‌గా మార్చి దాచాలి. ఇందుకు కావలసిన సామాన్ పీహెచ్‌పీలో 2013 నుంచి, 5.5 వెర్షన్ నుంచి ఉంది. నెలల తరబడి లాగిన్ కానివాళ్ళ పాత హ్యాష్ మీద ఇంకో గట్టి హ్యాష్ తొడగొచ్చు. యూజర్‌కి ఖబర్ కూడా ఉండదు. ఒక్క ఎహ్తియాత్: బీక్రిప్ట్ హ్యాష్ 60 అక్షరాలు. టేబుల్‌లో గడి 41 అక్షరాలకే ఉంటే చివర తెగిపోతుంది, ఆ మనిషికి తలుపు తెరుచుకోదు. ముందు గడిని వెడల్పు చేయాలి.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ తోవ ఉంది. కొత్త సర్వర్‌లో లాగిన్ పెట్టేటప్పుడు పాస్‌వర్డ్ బదులు పాత హ్యాష్‌నే ఇవ్వొచ్చు, దానితోపాటు ఎస్‌ఐడీ అనే గుర్తింపును కూడా ఇవ్వాలి. అది మరిచిపోతే లాగిన్ ఒకచోట, యూజర్ ఇంకోచోట, మధ్యలో రిష్తా తెగిపోతుంది. అలాంటి యూజర్‌ని వాళ్ళు ఆర్ఫన్ అంటారు, మన మాటలో యతీమ్. పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చిన 10వ వెర్షన్ స్క్రామ్ అనే గట్టి పద్ధతి తెచ్చింది, 2021లో 14వ వెర్షన్ దాన్నే మామూలు పద్ధతి చేసింది. పాత ఎండీ5 హ్యాష్‌లను కూడా కొంతకాలం పక్కనే నడవనిచ్చింది. ఎవరూ జనాన్ని గేటు బయట నిలబెట్టమనలేదు.

"రీసెట్ చేస్తే నుక్సాన్ ఏంటి, రెండు నిమిషాల పని కదా" అని నాతో వాదించినవాళ్ళున్నారు. ఆ రెండు నిమిషాలు ఎవరివో చూడాలి. కోరుట్ల నుంచి దుబాయ్‌కో, రియాద్‌కో పోయిన భాయ్ ఇక్కడి సిమ్‌కి నెలల తరబడి రీచార్జ్ చేయడు. సిమ్ బంద్ అవుతుంది, ఆ నంబర్ ఇంకెవరికో పోతుంది. రీసెట్ ఓటీపీ ఆ నంబర్‌కే వస్తుంది. అతని చీటీ లెక్క, పిల్లల ఫీజు రసీదులు పరాయి చేతిలో పడొచ్చు. బీడీలు చుట్టే ఆపా తన పీఎఫ్ కోసం ఆన్‌లైన్ సెంటర్‌కి పోతుంది. ఆమె పాస్‌వర్డ్ అక్కడి నోటుబుక్కులో ఉంటుంది. ఇంకో ఖాతాకి రీసెట్ వచ్చిందంటే ఆ నోటుబుక్కులో ఇంకో లైన్ పెరుగుతుంది. ఇక పుట్టిన తేదీ పాస్‌వర్డ్ అంటే, ఆధార్ జిరాక్స్ చూసిన ప్రతివాడికీ మన ఇంటి చాబీ ఇచ్చినట్టే.

రీసెట్ ఎప్పుడూ తప్పే అనడం లేదు. డేటా చోరీ అయిందని తెలిస్తే రీసెట్ వాజిబ్. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి సుమారు 65 లక్షల హ్యాష్‌లు బయటపడ్డాయి. నమక్ లేని ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌లు అవి. చాలావాటి వెనకున్న పాస్‌వర్డ్‌లను ఊహలతో పట్టేశారు. ఆ చోరీ దాదాపు 11.7 కోట్ల ఖాతాలదని 2016లో తేలింది. అలాంటప్పుడు పాస్‌వర్డ్ మార్చమని చెప్పడమే ఇన్సాఫ్, ఎందుకు మార్చాలో కూడా చెప్పాలి. సర్వర్ అప్‌గ్రేడ్ చోరీ కాదు. తమ పనిలోని సుస్తీని అందరి నెత్తిన రుద్దడం చోరీకి ఇలాజ్ కాదు.

మన పాస్‌వర్డ్ హ్యాష్ వాళ్ళ దగ్గరున్న అమానత్. అమానత్‌ని ఇల్లు మారేటప్పుడు కూడా హిఫాజత్‌తో మోయాలి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా మన వివరాలకు తగిన భద్రత పెట్టడం వాళ్ళ ఫర్జ్ అంటుంది. ఆ ఫర్జ్ తప్పితే జుర్మానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. చిన్న ఊరు, చిన్న దుకాణం అని హక్కు చిన్నదైపోదు.

అందుకే ఇంట్లో పెద్దలకు, పిల్లలకు నా గుజారిష్. ఎవరైనా "సర్వర్ మారుస్తున్నాం, మీ పాస్‌వర్డ్ పంపండి" అంటే పంపకండి. మైగ్రేషన్‌కి అది అవసరం లేదు. "మీ పాత పాస్‌వర్డ్ ఇదేనా" అని ఎవరైనా స్క్రీన్ మీద చూపిస్తే, వాళ్ళు దాన్ని విప్పగలిగేలా దాచారని అర్థం. అదే పాస్‌వర్డ్ బ్యాంకుకో, మెయిల్‌కో వాడుతుంటే ఆ రోజే అక్కడ మార్చేయండి. పుట్టిన తేదీ పెట్టినవాళ్ళుంటే మొదటి లాగిన్‌లోనే మార్చుకోండి. గల్ఫ్‌లో ఉన్న భాయ్ ఖాతాలకు ఏ నంబర్ ముడిపడి ఉందో ఈ జుమా సెలవున అతనికి ఫోన్ చేసి అడగండి. సిమ్ బంద్ కాకముందే మార్పించండి.